తలనొప్పి మళ్లీ మళ్లీ వస్తోందా? ముందు మీ భోజన వేళలు చూసుకోండి

తలనొప్పితో ఓ.పి.కి వచ్చినవారు మమ్మల్ని మొదట అడిగేది ఒకటే. "సిస్టరు గారూ, ఏమేం తినకూడదు?" వంకాయ మానాలా, గోంగూర మానాలా, రాత్రిపూట పెరుగు మానాలా అని ఒక పెద్ద పట్టీ రాసిస్తామని ఎదురుచూస్తారు. మేము మాత్రం ఇంకో ప్రశ్న వేస్తాం. "ఈ పొద్దు ఏం తిన్నారు? ఎన్నింటికి తిన్నారు?" ఆడవాళ్లలో చాలామంది చెప్పే జవాబు "ఇంకా ఏమీ తినలేదండీ, టీ తాగి వచ్చాను" అని. అప్పటికి గడియారంలో పదకొండు అవుతుంది.

మాటిమాటికీ వచ్చే తలనొప్పికీ, మన తిండికీ ఉన్న సంబంధం ఎక్కువగా ఆ జవాబులోనే ఉంది. ఏది తిన్నాం అన్నదానికంటే ఎప్పుడు తినలేదు అన్నదే ఎక్కువమందికి తల పట్టిస్తుంది.

ముందు తలనొప్పి ఏ రకమో తెలియాలి. తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు రెండు పక్కలా పట్టేసి, పని చేసుకుంటూ ఉండగలిగే నొప్పి ఒకటి. దీన్ని ఒత్తిడి తలనొప్పి అంటారు. అందరికంటే ఎక్కువమందికి వచ్చేది ఇదే. రెండోది మన పెద్దలు పార్శ్వపు నొప్పి, ఒంటికణత నొప్పి అనేది. డాక్టర్లు చీటీ మీద మైగ్రేన్ అని రాస్తారు. కణతలో నాడి కొట్టుకున్నట్టు దడదడమని నొప్పి, వాంతి వచ్చేలా వికారం, వెలుతురు, చప్పుడు భరించలేకపోవడం, కదిలితే ఎక్కువ కావడం దీని గుర్తులు. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. తల్లికి ఉంటే కూతురికి రావడం కూడా మామూలే.

మైగ్రేన్ స్వభావం పుట్టుకతో వస్తుంది. తిండి దాన్ని కొత్తగా పుట్టించదు, ఉన్నదాన్ని లేపుతుంది. బండి మీద ఒక్కొక్క బస్తా వేస్తున్నట్టు అనుకోండి. రాత్రి నిద్ర చాలకపోవడం ఒక బస్తా, ఎండ ఒకటి, నెలసరి రోజులు ఒకటి, పొద్దున తినకపోవడం ఇంకొకటి. అన్నీ ఒకే రోజు పడితే ఎద్దు మోకాళ్ల మీద కూలబడుతుంది. అందుకే ఒకసారి ఏమీ చేయని వంకాయ కూర ఇంకోసారి తలనొప్పి తెచ్చినట్టు కనిపిస్తుంది. తప్పు వంకాయది కాదు, ఆ రోజు బండి మీద మిగతా బస్తాలు ఎన్ని ఉన్నాయో చూడాలి.

ఖాళీ కడుపు సంగతి

మన ఒంటి బరువులో మెదడు కొంచెమే అయినా, మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు ఐదోవంతు అదే వాడుకుంటుంది. నిలవ పెట్టుకునే గాదె దానికి లేదు. రక్తంలో వచ్చే గ్లూకోజు మీదే ఎప్పటికప్పుడు బతుకుతుంది. ఎనిమిది గంటలు దాటి ఏమీ తినకుండా ఉంటే వచ్చే తలనొప్పిని వైద్యశాస్త్రం ఒక ప్రత్యేక రకంగానే లెక్కిస్తుంది. మైగ్రేన్ ఉన్నవారికి ఇది ఇంకా తేలిగ్గా వస్తుంది.

మన ఇళ్లలో ఆడవాళ్ల లెక్క చూడండి. రాత్రి అందరికీ పెట్టి, తాను తొమ్మిదింటికి రెండు ముద్దలు తింటుంది. పొద్దున ఐదింటికి లేచి, పిల్లలకు టిఫిను, ఆయనకు క్యారేజీ, అత్తగారికి మందులు. తాను తినేది ఊడ్చి తుడిచి బట్టలు ఉతికాక, పదకొండుకి. అంటే పద్నాలుగు గంటలు. మధ్యలో పడేవి రెండు గ్లాసుల టీ. దీన్ని ఎవరూ ఉపవాసం అనరు గాని, ఒంటికి అది ఉపవాసమే. ఈ తల్లులకు నేను చెప్పేది ఒకటే: లేచిన గంట, గంటన్నరలోపు ఏదో ఒకటి తినండి. ఇడ్లీలే కానక్కరలేదు. రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిపాయతో తిన్నా, గ్లాసు రాగి అంబలి తాగినా, గుప్పెడు వేయించిన శనగలు అరటిపండుతో తిన్నా సరిపోతుంది. పిల్లలకు పెట్టేటప్పుడే మీరూ నాలుగు ముద్దలు తింటే దాంతో ఇంట్లో ఏ పనీ ఆగిపోదు.

సంఘస్థులకు ఇంకో మాట చెప్పాలి. శుక్రవారం ఉపవాస ప్రార్థన, సంస్కారపు ఆదివారం, శ్రమదినాలు, మంచి శుక్రవారం మధ్యాహ్నపు మూడు గంటల ఆరాధన. ఈ రోజుల్లో తలనొప్పి వచ్చేవారు మన మధ్య చాలామంది ఉన్నారు. ఇది మనకే కాదు. రంజాన్ నెల మొదటి రోజుల్లో ముస్లింలలో, ఏడాదికి ఒకసారి వచ్చే ప్రాయశ్చిత్త దినాన యూదులలో ఇలాంటి తలనొప్పే వస్తుందని డాక్టర్లు పరిశీలించి రాశారు. సంస్కారపు ఆదివారం చూడండి. పొద్దున్నే తలస్నానం, తడి జుట్టు ముడి, వంట, కాఫీ కూడా ముట్టకుండా గుడికి నడక, ఒంటిగంట దాకా ఆరాధన. నిద్ర, ఆకలి, దాహం, కాఫీ లేకపోవడం, ఉక్క, అన్ని బస్తాలూ ఒక్కసారే పడతాయి.

ఉపవాసం ఉండవద్దని చెప్పడం నర్సు పని కాదు. ఎలా ఉంటే జబ్బు పడకుండా ఉంటారో చెప్పడం నా పని. ముందు రాత్రి భోజనం పూర్తిగా చేయండి, అన్నంతో పప్పో గుడ్డో ఉండాలి. నీళ్లు మానకండి. మైగ్రేన్ తరచుగా వచ్చేవారు రోజంతా కడుపు మాడ్చుకునే బదులు ఒక పూట మానడమో, పండ్లు మజ్జిగతో ఉండడమో చేయవచ్చు. మీ పాస్టరు గారితో మాట్లాడితే కాదనే పాస్టరును నేను ఇంతవరకు చూడలేదు. గర్భిణీలు, బాలింతలు, షుగర్ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. ముఖ్యంగా షుగర్ మాత్ర వేసుకుని, లేదా ఇన్సులిన్ చేయించుకుని తినకుండా ఉంటే షుగర్ 70 కంటే దిగిపోవచ్చు. తలనొప్పి, చెమట, చేతుల వణుకు, గుండె దడ, తికమక కనిపిస్తే అది ఆత్మీయ అనుభవం కాదు, షుగర్ పడిపోవడం. వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. మనిషి తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

"పైత్యం" అనేది ఏమిటి?

"పైత్యం చేసింది, పసుపుగా వాంతి అయ్యాక తల తేలికపడింది" అనే మాట ప్రతి వారం వింటాం. పడ్డది నిజమే, కారణం వేరు. మైగ్రేన్ వచ్చినప్పుడు జీర్ణాశయం కదలిక మందగిస్తుంది. లోపలున్నది కిందికి జారదు. అందుకే వికారం. పొద్దుటి నుంచి ఏమీ తినకపోతే వాంతిలో రావడానికి అన్నం ఉండదు, కాబట్టి పసుపుపచ్చటి పిత్తరసం వస్తుంది. చూసినవారు అదే నొప్పికి కారణం అనుకుంటారు. నిజానికి నొప్పి వల్ల వాంతి వచ్చింది గాని, పిత్తం వల్ల నొప్పి రాలేదు. గొంతులో వేలు పెట్టి వాంతి చేసుకోవడం మానండి, గొంతు పుండవుతుంది, ఒంట్లో నీరు పోతుంది.

ఇందులోనే ఇంకో పనికొచ్చే విషయం ఉంది. కడుపు కదలిక మందగించాక మింగిన మాత్ర కూడా అక్కడే కూర్చుంటుంది. అందుకే డాక్టరు రాసిన మాత్ర నొప్పి మొదలవుతుండగానే వేసుకోవాలి. వాంతి మాత్ర కూడా రాసేది అందుకే.

టీ, కాఫీ

హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 150 మిల్లీలీటర్ల ఫిల్టరు కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజుకు 300 దాటవద్దని 2024లో ఆ సంస్థ ఇచ్చిన సలహా. రోజుకు ఆరేడు టీలు తాగే వ్యక్తికి ఆ లెక్క దాటడం పెద్ద పని కాదు.

కెఫీన్‌తో చిక్కు ఏమిటంటే అది తలనొప్పిని తగ్గిస్తుంది కూడా. కొన్ని తలనొప్పి మాత్రల్లో దాన్ని కలిపేదీ అందుకే. కాని రోజూ 200 మిల్లీగ్రాములు దాటి తాగడం అలవాటైన ఒంటికి ఒక రోజు అది అందకపోతే 24 గంటల్లోపే తల పట్టేస్తుంది. కాఫీ తాగగానే గంటలో తగ్గిపోతుంది. "నాకు కాఫీ పడితేగాని తల దిగదు" అని గొప్పగా చెప్పుకునేవారికి ఆ తలనొప్పి తెచ్చింది ఆ కాఫీయే కావచ్చు. సెలవు రోజున ఆలస్యంగా లేచి ఆలస్యంగా తాగేవారికి ఆదివారం తలనొప్పి రావడంలోని గుట్టు చాలావరకు ఇదే.

ఒక్కసారిగా మానకండి. మానితే రెండు రోజుల నుంచి తొమ్మిది రోజుల దాకా తలనొప్పి, చిరాకు, మగత ఉంటాయి. మూడు నాలుగు రోజులకోసారి అరగ్లాసు చొప్పున తగ్గిస్తూ, రోజుకు రెండింటికి దించండి. వేళ మాత్రం మార్చకండి. శ్రమదినాల్లో కాఫీ మానాలనుకునేవారు భస్మ బుధవారానికి రెండు మూడు వారాల ముందు నుంచే తగ్గించుకుంటూ వస్తే ఆ మొదటి వారం మంచం పట్టకుండా ఉంటారు.

తిండి బదులు మాత్రలు

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఇది. పొద్దున తినరు, తల నొస్తుంది, టీతో ఒక మాత్ర వేసుకుంటారు, సాయంత్రం మళ్లీ నొస్తుంది, ఇంకో మాత్ర. ఇలా నెలలు గడుస్తాయి. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే మాత్రలు పర్సులో, కొంగు ముడిలో, బీరువాలో ఉంటాయి. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, లేదా రెండు మూడు మందులు కలిపిన మాత్రలు, మైగ్రేన్‌కు ప్రత్యేకంగా ఇచ్చే మాత్రలు నెలకు 10 రోజులు, మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పిని రోజువారీ జబ్బుగా మారుస్తాయి. ఎన్ని మాత్రలు వేసుకున్నారని కాదు, ఎన్ని రోజులు వేసుకున్నారని లెక్క. క్యాలెండరులో మాత్ర వేసుకున్న రోజు దగ్గర ఒక గీత పెట్టండి. నెలాఖరుకు ఎనిమిది తొమ్మిది గీతలు కనిపిస్తే డాక్టరును కలవాల్సిన టైము వచ్చినట్టే.

ఖాళీ కడుపున నొప్పి మాత్రలు వేసుకుంటే జీర్ణాశయంలో పుండ్లు, రక్తస్రావం రావచ్చు. ఏళ్ల తరబడి వాడితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బి.పి., షుగర్ ఉన్నవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. గర్భిణీలు ఏ నొప్పి మాత్రా సొంతంగా వేసుకోకూడదు. అలవాటైన మాత్రలు ఆపినప్పుడు మొదట కొన్ని రోజులు, పది రోజుల దాకా, నొప్పి ఎక్కువవుతుంది. అది తెలియక "మాత్ర లేకపోతే బతకలేను" అని మళ్లీ మొదలుపెడతారు. ఆ పది రోజులు దాటడానికి వేరే మందులు ఉన్నాయి, డాక్టరు గారి చూపులో ఆపడం మంచిది. ఇంట్లోవారు ఆ రోజుల్లో వంట పని అందుకుంటే అదే సగం వైద్యం.

రక్తం తక్కువ, నీళ్లు తక్కువ

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6 మంది. అంటే మన గుడిలో ఆడవారి పక్కన ఏ బల్ల చూసినా సగానికి పైగా. రక్తం తక్కువైతే ఆయాసం, నీరసం, మెట్లెక్కితే దడ, వాటితోపాటు తల బరువు, తలనొప్పి కూడా ఉంటాయి. మాటిమాటికీ తలనొప్పి అనే ప్రతి తల్లికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించడం మంచిది. 12 కంటే, గర్భిణీలకు 11 కంటే తక్కువ ఉండకూడదు.

తోటకూర, మునగాకు, ఉలవలు, శనగలు, రాగులు, నువ్వులు, గుడ్డు, మాంసం, మేక కార్జం, ఇవి మనకు దొరికేవే. కార్జం గర్భిణీలు మాత్రం డాక్టరును అడిగి తినాలి. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకున్నా, భోజనం తర్వాత జామకాయ తిన్నా ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే పట్టదు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని పోషకాహార సంస్థ చెప్పేది ఇందుకే. ఐరన్ మాత్ర టీతో మింగేవారు మనలో ఉన్నారు. అది మాత్రను పారేసుకోవడంతో సమానం.

నీళ్ల సంగతి. మిరప కోతలకు, నాట్లకు వెళ్లే అక్కలు, బస్సుల్లో తిరిగే ఉద్యోగులు, బడిపిల్లలు నీళ్లు తాగరు. దాహం లేక కాదు, మరుగుదొడ్డి లేక. ఇది వాళ్ల తప్పు కాదు, బోధిస్తే మారేదీ కాదు. కనీసం బయలుదేరే ముందు రెండు గ్లాసులు, పనిలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, ఇంటికి రాగానే మళ్లీ రెండు గ్లాసులు తాగండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలలేదని అర్థం. గుండె, మూత్రపిండాల జబ్బుతో నీళ్లు కొలిచి తాగమన్నవారు ఆ కొలతే పాటించాలి.

చాక్లెట్, నూడుల్స్, ఆవకాయ

పత్రికల్లో కనిపించే "తినకూడనివి" పట్టీలను నేను అంతగా నమ్మను. ఉదాహరణకు చాక్లెట్. మైగ్రేన్ రావడానికి కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల ముందే ఒంట్లో మార్పులు మొదలవుతాయి: ఆవలింతలు, మెడ పట్టేయడం, తీపి మీద కోరిక. ఆ కోరికతో చాక్లెట్ తింటారు, తర్వాత నొప్పి వస్తుంది, నింద చాక్లెట్ మీద పడుతుంది. బండి మీద అమ్మే నూడుల్స్, ఫ్రైడ్ రైస్‌లో వేసే అజినోమోటో కొందరికి పడదంటారు గాని అందరికీ అలా అని రుజువు కాలేదు. మీకు తిన్న గంటలోపే ప్రతిసారీ తల పడితే మానండి, లేకపోతే తలనొప్పి పేరు చెప్పి భయపడనక్కరలేదు. సారా, బీరు, వైను మాత్రం వేరు. అవి తలనొప్పి తెస్తాయన్న దానిలో అనుమానం లేదు.

ఆవకాయ, అప్పడం, ఎండుచేప గురించి ఒక మాట. "తలనొప్పిగా ఉంది, బి.పి. పెరిగిందేమో" అని పరుగెత్తి వస్తారు. సాధారణంగా బి.పి. 180/120 స్థాయికి పోతేగాని తలనొప్పి తేదు. చాలామందికి ఏ బాధా లేకుండానే బి.పి. ఉంటుంది. తల నొప్పి లేదు కదా అని బి.పి. మాత్ర మానేయడం చాలా ప్రమాదం. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు, అంటే పచ్చళ్లలోదీ కలిపి ఒక చిన్న చెంచాడు, దాటకూడదన్నది బి.పి. కోసం, గుండె కోసం.

చేపల గురించి ఒక మంచి వార్త. 2021లో ప్రచురించిన ఒక అమెరికా ప్రయోగంలో మైగ్రేన్ ఉన్న 182 మందికి 16 వారాలు మూడు రకాల భోజనం పెట్టి చూశారు. మామూలు తిండి తిన్నవారికంటే, సముద్రపు చేపల కొవ్వు ఎక్కువ తిన్నవారికి నెలకు సుమారు రెండు తలనొప్పి రోజులు తగ్గాయి. దానితోపాటు కొన్ని వంటనూనెల్లో ఎక్కువగా ఉండే లినోలిక్ కొవ్వును కూడా తగ్గించినవారికి నాలుగు రోజుల దాకా తగ్గాయి. ఆ ప్రయోగం మన వంటింట్లో జరిగింది కాదు, అందరికీ అంతే ఫలితం వస్తుందని చెప్పలేం. కాని కవళ్లు లాంటి చిన్న సముద్రపు చేపలు చవక, పులుసు పెట్టుకోవచ్చు, నూనెలో ముంచి వేయించనక్కరలేదు. వారానికి రెండుసార్లు తింటే నష్టమేమీ లేదు.

చేపతో పాటు మాంసం మాట వచ్చింది గనుక ఇంకొకటి. పంది మాంసం సరిగా ఉడకకపోతే కడుపులో బద్దె పురుగు చేరుతుంది. ఆ పురుగు ఉన్న మనిషి మలం ద్వారా దాని గుడ్లు మట్టిలోకి, నీళ్లలోకి, అక్కడి నుంచి కూరగాయల మీదికి వస్తాయి. ఆ గుడ్లు ఎవరి నోట్లోకి పోయినా పిల్ల పురుగులు మెదడుకు చేరి తలనొప్పి, ఫిట్సు తెస్తాయి. కాబట్టి మాంసం ముట్టనివారికి కూడా ఈ జబ్బు రావచ్చు. పచ్చిగా తినే కొత్తిమీర, క్యారెట్, కీర దోస బాగా కడగాలి, వంటకు ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడగాలి. తలనొప్పితో ఫిట్సు వచ్చినవారికి గాలి, దయ్యం అని తాయెత్తులు కట్టకుండా స్కానింగు చేయించండి, మందులున్నాయి.

ఆలస్యం చేయకూడనివి

తిండి మార్చుకుంటూ కూర్చోకూడని తలనొప్పులు ఉన్నాయి. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చిన భరించలేని నొప్పి. జ్వరంతో మెడ వంగకపోవడం. మూతి వంకర, కాలూ చేయీ పడిపోవడం, మాట తడబడడం. తలకు దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి. 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన నొప్పి. రోజురోజుకీ పెరుగుతూ తెల్లవారుజామున వాంతితో లేపే నొప్పి. ఐదో నెల దాటిన గర్భిణీకి తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు వాయడం, పొట్ట పైభాగంలో నొప్పి. ఈ చివరిది వచ్చినప్పుడు తెల్లవారేదాకా ఆగకండి, రాత్రయినా తీసుకురండి. బి.పి. 140/90 దాటితే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి రావచ్చు.

మిగతావారు ఓ.పి.కి వచ్చే ముందు ఒక పాత నోటుపుస్తకంలో ఆరు వారాలు ఇవి రాసుకోండి: నొప్పి వచ్చిన తేదీ, వేళ, ముందు రోజు ఎన్నింటికి పడుకున్నారు, ఆ రోజు మొదటిసారి ఎన్నింటికి తిన్నారు, ఎన్ని టీలు, ఏ మాత్ర, నెలసరి తేదీ. రాయడం రానివారికి బడికి వెళ్లే పిల్లల చేత రాయించండి. వేసుకుంటున్న మాత్రల అట్టలు పారేయకుండా అన్నీ సంచిలో వేసి తీసుకురండి. పొద్దున తినే రండి. హిమోగ్లోబిన్ పరీక్షకు ఖాళీ కడుపు అవసరం లేదు.